నాలుగు సుద్దగీతలు

నెల్లూరు, ఆదివారం రాత్రి.

తెల్లవారుజామున నాలుగున్నరకే నరసింహకొండకు బయలుదేరాను. కృత్తిక కార్తె ఎండలు ముదిరాక, ఏ పనైనా పొద్దు పైకెక్కకముందే ముగించుకోవాలి. ఇంటర్ రెండో సంవత్సరంలోకి వచ్చిన మా శిష్యురాలిని వాళ్ల నాన్న కోవూరు అవతల నుంచి మోటారుసైకిలు మీద తీసుకొచ్చాడు. ఆ పిల్లది ఐదు వేల మీటర్ల పరుగు. ఈ రోజు ఆమెతో చేయించింది మాత్రం క్రాస్‌కంట్రీ స్కీయింగు వాళ్ల పద్ధతి. కాళ్లకు పొడవాటి పట్టీలు (స్కీలు) కట్టుకుని, చేతికర్రలతో తోసుకుంటూ మంచు మీద చాలా దూరం సాగే క్రీడ అది. నాలుగు నిమిషాలు గట్టిగా కొండ ఎక్కడం, మెల్లగా దిగిరావడం, మళ్లీ ఎక్కడం, ఇలా నాలుగు రౌండ్లు. మంచు లేని నెలల్లో నార్వే స్కీ క్రీడాకారులు చక్రాల స్కీల మీదనో, చేతికర్రలు పట్టుకుని ఎగువకు పరుగెత్తుతూనో ఇదే సాధన చేస్తారు.

దూరపు పరుగు నేర్పేవారు ఆ క్రీడ వైపు చూడడానికి బలమైన కారణం ఉంది. మంచు మీద ఎగువకు సాగేటప్పుడు కాళ్లు, చేతులు, భుజాలు, నడుము అన్నీ ఒకేసారి ఆక్సిజన్ అడుగుతాయి, ఆ గిరాకీ తీర్చడానికి గుండె ఒక్కో కొట్టుకు మరింత రక్తం తోయవలసి వస్తుంది. శరీరం నిమిషానికి కిలో బరువుకు ఎన్ని మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకోగలదో చెప్పే కొలతను వీఓటూ మ్యాక్స్ అంటారు. మొదటి వరుస పురుష స్కీయర్లలో అది 80 దాటుతుంది. ఆ అంకె మా పిల్లలకు రావాలని నేను కోరుకోవడం లేదు, ఆ అంకెను వాళ్లు ఎంత ఓపికగా, ఎన్నేళ్లపాటు పెంచుకుంటారో అది మాత్రం మా పిల్లలకు అందాలని ఉంది.

కొండదారి మొదట్లో వేపచెట్టు దగ్గర ఆమె బయలుదేరుతుంది. నేను ఎగువన సుద్దముక్క, స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడతాను. నాలుగో నిమిషం నిండగానే విజిల్ ఊదుతాను, ఆమె ఉన్నచోటే ఆగుతుంది, బూటు ముందు దారికి అడ్డంగా ఒక గీత గీస్తాను. హెల్గెరుడ్ అనే పరిశోధకుడి బృందం నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో చేసి 2007లో ప్రచురించిన ప్రయోగంలో రౌండ్ల మధ్య విశ్రాంతి మూడు నిమిషాలు. మా కొండ దిగిరావడానికి నాలుగు పడుతుంది కాబట్టి మాకు అది నాలుగయింది. ఆ ప్రయోగంలో గరిష్ఠ గుండె వేగంలో 90 నుంచి 95 శాతం మధ్య ఇలాగే నాలుగు రౌండ్లు, వారానికి మూడు రోజుల చొప్పున ఎనిమిది వారాలు చేసిన యువకుల వీఓటూ మ్యాక్స్ 7.2 శాతం పెరిగింది. మొత్తం పని అంతే అయినా, 70 శాతం దగ్గర ఏకధాటిగా పరుగెత్తినవారిలో అది పెరగలేదు. రౌండు నాలుగు నిమిషాలు ఎందుకు ఉండాలో గుండె వేగం చూపే చేతిగడియారం చూస్తూ ఉంటే అర్థమవుతుంది. మొదటి నిమిషంన్నర గుండె ఇంకా పుంజుకుంటూనే ఉంటుంది, అసలు పని ఆ తర్వాతి రెండున్నర నిమిషాలలోనే జరుగుతుంది. ఒకటిన్నర నిమిషానికే ఆపేస్తే కాళ్లు అలసిపోతాయి గానీ గుండెకు చేరవలసినది చేరదు.

మూడు వారాల కిందట ఇదే దారిలో మొదటి గీత అన్నిటికంటే ఎగువన పడింది. రెండోది దానికి నలభై అడుగుల దిగువన, నాలుగోది వంద అడుగులకు పైగా దిగువన పడ్డాయి. ఆ రోజు ఆమె గీతల వంక చూసి ఏడ్చింది. మొదటి రౌండులో ఉన్నదంతా ఖర్చు పెట్టేసి, మిగిలిన మూడింటిలో ఈడ్చుకుంటూ వచ్చింది. అలా చేస్తే గుండెను ఆ ఎత్తులో నిలిపి ఉంచే నిమిషాలు తగ్గిపోతాయి. ఈ రోజు మొదటి రౌండుకు ముందు ఒక్క మాటే చెప్పాను: "నాలుగో గీత మొదటి గీత పక్కనే పడాలమ్మా, అంతకంటే నాకేమీ అక్కర్లేదు." "అట్నే మేడం" అని పరుగు అందుకుంది.

మొదటి గీత పాత మొదటి గీతకు దిగువనే పడింది, నాకు అది చాలా సంతోషం కలిగించింది. రెండోది దాదాపు దాని మీదే పడింది. కానీ గడియారంలో మొదటి రౌండు చివర 181 ఉన్న గుండె వేగం రెండో రౌండు చివర 187 చూపింది. ఆమె గరిష్ఠం 198. సాధన తీవ్రతకు నార్వేలో వాడే ఐదు మెట్ల కొలమానంలో చూస్తే, గరిష్ఠంలో 87 నుంచి 92 శాతం వరకు ఉండే నాలుగో మెట్టు దాటి ఐదో మెట్టులోకి వెళ్లిపోయింది. దూరం అంతే, వేగం అంతే, గుండె మాత్రం ఎక్కువ కొట్టుకుంటోంది. ఇది ఎక్కువగా మన వేడి చేసే పని. చెమట రూపంలో రక్తంలోని నీరు తగ్గుతుంది, ఒళ్లు చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, ఒక్కో కొట్టుకు గుండె తోసే రక్తం తగ్గి కొట్టుకోవడం పెరుగుతుంది. చల్లని దేశంలో రాసుకున్న అంకెలను మే నెలలో నెల్లూరుకు ఉన్నవి ఉన్నట్టు తెచ్చుకోకూడదని ఇందుకే అంటాను. ఈ నెలలో నేను గడియారాన్ని చూస్తాను, కానీ నమ్మేది సుద్దగీతనే. మూడో రౌండుకు ముందు తల మీద, మెడ మీద నీళ్లు పోయించి, ఉప్పు కలిపిన మజ్జిగ రెండు గుక్కలు తాగించాను.

నాలుగో రౌండులో మలుపు తిరిగి వస్తున్నప్పుడు ఆమె గడ్డం చివర నుంచి చెమట బొట్లు బొట్లుగా రాలుతోంది, మోచేతులు మాత్రం బయటకు పోకుండా ఒంటికి దగ్గరగానే ఊగుతున్నాయి. విజిల్ ఊదాను. వంగి మోకాళ్లు పట్టుకుని నిలబడిన ఆ పిల్ల బూట్ల ముందు గీత గీసి, దిగువకు నడుస్తూ కొలిచాను. మొదటి గీతకు తొమ్మిది అడుగుల ఎగువన ఉంది.

"ఐదోది కూడా ఎక్కుతాను మేడం" అంది. వద్దన్నాను.

వాళ్ల నాన్న ఇదంతా చూస్తూ, "రోజూ ఇట్టా ఎక్కిస్తే ఇంకా తొందరగా ముందుకొస్తాది గదా మేడం?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు నేను జాగ్రత్తగా సమాధానం చెప్పాలనుకున్నాను, ఎందుకంటే నేను పరుగెత్తే రోజుల్లో ఒక శిబిరంలో మాతో రోజూ ఇలాగే ఊపిరి అందనంత పరుగులు చేయించేవారు, ముంగాలి ఎముక చిట్లి నేను ఏడాదిన్నర మైదానానికి దూరమయ్యాను. ఇప్పుడు పోలీసు, సైన్యం సెలక్షన్ల కోసం మా ఊళ్లలో పిల్లలు రోజూ 1600 మీటర్లు ప్రాణం పెట్టి పరుగెత్తుతుంటే చూస్తున్నాను, నాలుగో వారానికి సగంమంది కాలు పట్టుకుని కూర్చుంటారు.

అందుకని అతనికి మారిట్ బ్యోర్గెన్ లెక్క చెప్పాను. నార్వేకు చెందిన ఆ క్రాస్‌కంట్రీ స్కీ క్రీడాకారిణి 2002 నుంచి 2018 వరకు ఐదు ఒలింపిక్స్‌లో 15 పతకాలు తెచ్చింది, వాటిలో 8 బంగారువి. ఆమె సాధన చిట్టాలను పరిశోధకులు పరిశీలించి 2017లో ప్రచురించారు. అత్యుత్తమ సంవత్సరాలలో ఆమె ఏడాదికి సగటున 937 గంటలు సాధన చేసింది. అందులో ఓర్పు సాధన సుమారు 850 గంటలు. ఆ ఓర్పు సాధనలో 92 శాతం మాట్లాడుతూ చేయగలిగినంత నిదానంగా సాగింది, ఈ రోజు మనం చేసినట్టి తీవ్రమైన పని ఐదు శాతం లోపే. అంటే ఏడాది మొత్తానికి దాదాపు నలభై గంటలు. ప్రపంచంలో అంత గెలిచిన మనిషికి అది చాలినప్పుడు, పదిహేడేళ్ల పిల్లకు రోజూ కొండ అక్కర్లేదు.

అతను కాసేపు ఆలోచించి, "అయితే యూరియా మాదిరే గదా మేడం. ఎక్కువేస్తే పైరు నల్లంగా ఏపుగా లేస్తాది, ఎన్ను బరువెక్కేటప్పటికి పడిపోద్ది" అన్నాడు. నేను ఇన్నేళ్లుగా శిక్షణ తరగతుల్లో చెప్పలేకపోయిన మాట అది. వచ్చే వారం పిల్లలందరికీ ఆయన మాటగానే చెబుతాను.

ఇంకొక సంగతి కూడా రాసుకోవాలి. గుండె ఎంత పెద్దదైనా ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబిన్. జనవరిలో పరీక్ష చేయిస్తే ఆ పిల్లకు 10.6 వచ్చింది, ఆడపిల్లలకు 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనతే. డాక్టరుగారు రాసిన ఐరన్ మాత్రలు, ఇంట్లో తోటకూర, నువ్వుల ఉండలు కలిసి ఏప్రిల్‌కు 12.3కు తెచ్చాయి. ఈ రోజు నాలుగో గీత ఎగువకు జరగడంలో కొండకు ఎంత వాటా ఉందో, ఆ మాత్రలకూ అంతే ఉందని నా నమ్మకం. మన జిల్లాలో ఆడపిల్లకు ఇలా గట్టి పని, విరామం మార్చిమార్చి చేయించే ఇంటర్వెల్ శిక్షణ మొదలుపెట్టే ఎవరైనా ముందు రక్తపరీక్ష చేయించాలి.

వానలు పడి గాలి చల్లబడ్డాక రౌండ్లను ఆరు నిమిషాలకు పెంచి, వేగం కొంచెం తగ్గిద్దామనుకుంటున్నాను. యువ స్కీ క్రీడాకారులతోనే 2013లో ప్రచురితమైన మరొక అధ్యయనంలో రెండు నుంచి నాలుగు నిమిషాల రౌండ్లకంటే ఐదు నుంచి పది నిమిషాల రౌండ్లే ఎక్కువ మేలు చేశాయి. అప్పటిదాకా ఈ నాలుగే.

రేపు ఆమెకు పూర్తి విశ్రాంతి. ఎల్లుండి తెల్లవారుజామున పెన్న కట్ట మీద గంటసేపు నిదానపు పరుగు. వేగం పెరిగిపోకుండా నేనూ పక్కనే పరుగెత్తుతూ, ఆమె చేత ఎకనామిక్స్ పాఠం అప్పజెప్పించుకుంటాను.