ఏమొచ్చిందట ఆమెకి

దీపా ధన్‌రాజ్ పేరు నాకు ముప్పయ్యేళ్ళు దాటేదాకా తెలీదు, అదీ హైదరాబాద్‌లో పుట్టి పెరిగి. ఆవిడ కూడా ఇక్కడే పుట్టారు, నలభై ఏళ్ళకి పైగా డాక్యుమెంటరీలు తీస్తున్నారు, మనమేమో హీరోల బర్త్‌డేలు మాత్రం బట్టీ పడతాం.

1980లో ఇంకో ముగ్గురితో కలిసి యుగాంతర్ అని ఒక ఫిల్మ్ కలెక్టివ్ పెట్టారు. పుణేలో ఇళ్ళల్లో పని చేసే ఆడవాళ్ళు సంఘం పెట్టుకోవడం మీద ఒకటి, కర్ణాటకలో నిపాణి పొగాకు ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళ పోరాటం మీద ఇంకోటి తీశారు. కెమెరా పట్టుకెళ్ళి నాలుగు బైట్లు తీసుకుని వచ్చెయ్యడం కాదు, ముందు వాళ్ళతో కూర్చుని మాట్లాడి మాట్లాడి సినిమా ఎలా ఉండాలో వాళ్ళతో కలిసే తేల్చుకోవడం. టైం ఎంత పడుతుందో ఆలోచించండి.

1983లో తెలుగులో తీసింది ‘ఇది కథ మాత్రమేనా’. ఇక్కడి మహిళా సంఘం స్త్రీశక్తి సంఘటన వాళ్ళతో కలిసి అల్లిన కథ (‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకం తెచ్చింది కూడా వీళ్ళే). నాలుగ్గోడల మధ్య భార్య పడే హింస గురించి, అరగంట కూడా ఉండదు. అమ్మకి చూపించా. ఎప్పుడూ టీవీ ముందు ఏదో ఒకటి అంటూనే ఉండే మనిషి, ఒక్క మాట లేదు.

తర్వాత 1986లో వచ్చిన ‘క్యా హువా ఇస్ షహర్ కో’ పెట్టా. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని పడగొట్టిన రోజులు, అదే టైంలో పాతబస్తీలో గొడవలు, కర్ఫ్యూ. అప్పుడు అమ్మావాళ్ళు మలక్‌పేటలో ఉండేవాళ్ళు, పాలకని బయటికెళ్ళిన తాతయ్య రెండు గంటలు రాకపోతే అమ్మమ్మ గుమ్మంలోనే నిలబడి ఉందట, ఇన్నేళ్ళలో ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు, సినిమా చూస్తూ చూస్తూ మధ్యలో చెప్పింది.

1991లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల క్యాంపుల మీద ‘సమ్‌థింగ్ లైక్ ఎ వార్’ తీశారు, టార్గెట్ల లెక్కలో ఆడవాళ్ళ ఒళ్ళు ఏమైందో చూస్తుంటే కడుపులో తిప్పింది నాకు, అన్నం ముందు పెట్టుకుని చూడకండి. 2018లో మళ్ళీ హైదరాబాద్‌కే వచ్చి రోహిత్ వేముల చనిపోయాక యూనివర్సిటీలో రగిలిన ఉద్యమం మీద ఇంకోటి తీశారు. అది ఇంట్లో ఒక్కదాన్నీ చూడలేకపోయా, సగంలో ఆపేశా.

అమ్మ లేస్తూ అడిగింది, “ఇన్నేండ్లు ఇసొంటియి తీస్తే ఏమొచ్చిందట ఆమెకి?” అని. డబ్బుల సంగతే అడుగుతోంది అనుకుని, పెద్దగా ఏం రావమ్మా వీటికి, థియేటర్లో ఆడవు కదా అన్నా. ఊఁ అని వంటింట్లోకి పోయింది. మళ్ళీ తలుపు దగ్గరికొచ్చి, “ఆ మొదటిది, తెలుగుది, అది పిన్నికి ఫోన్‌ల పంపొస్తదా?” అంది.