వెస్ట్‌లాండ్ గాజు తోటల్లో: మట్టి లేని సాగులో పని వెతుక్కుంటూ

హేగ్ నుంచి నాల్డ్‌వైక్ వెళ్లే బస్సు ఊరు దాటిందో లేదో, రోడ్డుకు రెండు పక్కలా గాజు మొదలవుతుంది. ఒక గాజు షెడ్డు, పక్కన సన్నటి కాలువ, వాన నీటి కుంట, మళ్లీ గాజు. మధ్యలో ఇళ్లు, చర్చి, సైకిళ్ల దారి. దుక్కి దున్నిన నేల ఎక్కడా కంటపడదు. నెదర్లాండ్స్‌లో ఉత్తర సముద్రం ఒడ్డున ఉన్న ఈ వెస్ట్‌లాండ్‌ను అక్కడివాళ్లు గాజు నగరం అంటారు. ఒకప్పుడు ఇది ద్రాక్షకు పేరు పడ్డ ప్రాంతం. చలిగాలి తగలకుండా గోడలు కట్టి, వాటి మీదికి తీగలు పాకించి, తర్వాత గాజు పలకలు ఆనించి, చివరకు పూర్తి గాజు ఇళ్లకు వచ్చారు. ఇప్పుడు టమాటా, కీర, క్యాప్సికం, పూలు. ఇందులో కూరగాయల వేళ్లు మట్టిని తాకడం చాలా అరుదు.

నేను హార్టికల్చర్ చదివాను. డిగ్రీ అయ్యాక హైదరాబాద్ పక్కన ఒక పాలీహౌస్‌లో చేరాను. పైపుల్లో పల్చగా నీళ్లు పారే ఎన్ఎఫ్‌టీ పద్ధతిలో లెట్యూస్ వేసేవాళ్లం. చలికాలమంతా ఆకు కళకళలాడింది. ఏప్రిల్ వచ్చేసరికి వేళ్లు గోధుమ రంగుకు తిరిగి, పట్టుకుంటే చేతికి జారిపోయేవి. యజమాని ప్రతివారం కొత్త మందు కొనుక్కొచ్చేవారు, పైపులు కట్టి వెళ్లిన కంపెనీ ఫోన్ ఎత్తేది కాదు. చివరికి వేసవిలో షెడ్డు మూసేశారు. ఇదే రంగంలో ఉండాలా, బ్యాంకు పరీక్షలకు కూర్చోవాలా అని ఇంట్లో రోజూ చర్చే. అందుకే మరుసటి ఏడాది ఏప్రిల్ చివర్లో, దాచుకున్న డబ్బుతో, ఈ విద్య బాగా ముదిరిన చోటు చూద్దామని బయల్దేరాను. మా కాలేజీ సీనియర్ ఒకరు ఇక్కడ టమాటా గ్లాస్‌హౌస్‌లో అసిస్టెంట్ గ్రోయర్‌గా, అంటే సాగు నడిపే మనిషికి సహాయకుడిగా, పనిచేస్తున్నారు. "చూడటానికి రాకు చెల్లెమ్మా, నాతో పాటు ఉదయం ఆరింటికి నడవడానికి రా" అన్నారు ఫోన్‌లో.

ఆరింటికే వెళ్లాం. లోపలికి అడుగు పెట్టాలంటే ముందు చేతులు కడిగి, తెల్ల కోటు, షూ కవర్లు, గ్లౌజులు వేసుకుని, మందు నీళ్లలో తడిసిన మ్యాట్ మీద నడవాలి. ఫోన్ కూడా తుడిపించారు. 2019లో నెదర్లాండ్స్‌లో టమాటాకు రూగోస్ వైరస్ బయటపడిన దగ్గర్నుంచి ఈ కట్టుదిట్టం ఇంకా పెరిగిందట. అది చేతుల ద్వారా, కత్తెర ద్వారా, బట్టల ద్వారా పాకుతుంది. మందు లేదు. ఒక వరస నుంచి ఇంకో వరసకు వెళ్లేటప్పుడు కత్తి మార్చాల్సిందే. మా పాలీహౌస్‌కు ఎవరైనా దోస్తులొస్తే చెప్పులతోనే తిప్పి చూపించేవాళ్లు. తేడా గుమ్మం దగ్గరే మొదలైంది.

లోపల టమాటా మొక్కలు నేల మీద లేవు. నడుము ఎత్తులో వేలాడే రేకు కాలువల మీద రాతి ఊలు దిమ్మెలు పరిచి ఉన్నాయి. బసాల్ట్ రాయిని 1500 డిగ్రీల దగ్గర కరిగించి దారంలా తీసి నొక్కితే వచ్చేదే ఈ రాతి ఊలు. అందులో పోషకం ఏమీ ఉండదు, వేరుకు పట్టు, నీటికి చోటు, గాలికి సందు, అంతే. డిసెంబర్‌లో నాటిన మొక్క అప్పటికే నా ఎత్తుకు రెండింతలు దాటింది. తీగను పైన కొక్కేనికి దారంతో కట్టి, వారం వారం కాస్త కిందికి దింపి పక్కకు జరుపుతారు. సీజను ముగిసేలోగా పది మీటర్లు దాటిపోతుంది. కింద వరసల మధ్య వేడినీటి గొట్టాలు. అవే పట్టాలు కూడా, వాటి మీదే ట్రాలీ నడుస్తుంది.

అన్న ట్రాలీ ఎక్కి ఒక మొక్క చిగురు దగ్గర ఆగారు. కిందటి వారం చిగురు ఎక్కడుందో అక్కడ దారం మీద ఒక గీత ఉంది. ఆ గీత నుంచి ఇప్పటి చిగురు దాకా టేపుతో కొలిచారు. ఇరవై సెంటీమీటర్లకు కాస్త పైన. తర్వాత జేబులోంచి కాలిపర్ తీసి, గీత దగ్గరే కాండం మందం చూశారు. పూసిన గుత్తి ఎన్నోది, చిగురుకు అది ఎంత దూరంలో ఉంది, ఎన్ని కాయలు నిలిచాయి, అన్నీ ట్యాబ్‌లో ఎక్కించారు. కాండం మరీ లావెక్కితే మొక్క ఆకు మీద పడి కాయను మర్చిపోతోందని అర్థం. మరీ సన్నబడితే కాయ బరువుకు మొక్క అలిసిపోతోందని. దాన్ని బట్టి పగటికీ రాత్రికీ వేడి తేడా ఎంత పెట్టాలి, ఆకులు ఎన్ని తీయాలి, నీళ్లు ఎప్పుడు మొదలెట్టాలి అన్నది తేలుస్తారు. ప్రతి వారం, అవే మొక్కలు, అదే మనిషి కొలవాలి. మనిషి మారితే అంకె మారుతుంది.

"నన్ను తీసుకుంది దీనికోసమే" అన్నారు అన్న. "సాఫ్ట్‌వేర్ అందరి దగ్గరా ఉంది. మొక్కను చదివేవాడు దొరకడం లేదు."

తర్వాత కాలువ చివర ఆగాం. దిమ్మెల్లోంచి కారే నీళ్లు ఒక చిన్న తొట్టిలో పడుతున్నాయి. ఇచ్చిన నీటిలో దాదాపు 30 శాతం ఇలా కిందికి రావాలట. తక్కువ వస్తే దిమ్మెలో ఉప్పు పేరుకుంటుంది, ఎక్కువ వస్తే ఉత్తి ఖర్చు. కారిన నీటిని పారబొయ్యరు. వడగట్టి, అల్ట్రావయొలెట్ కాంతి కింద నడిపించి రోగకారకాలను చంపి, వాన నీటితో కలిపి మళ్లీ మొక్కకే ఇస్తారు. 2027 నాటికి గ్లాస్‌హౌస్‌ల నుంచి ఎరువు నీళ్లు బయట కాలువల్లోకి దాదాపు చుక్క కూడా పోకూడదన్నది అక్కడి నియమం. నీటిని ఇలా తిప్పీతిప్పీ వాడితే మొక్క ముట్టుకోని సోడియం మిగిలిపోయి పెరుగుతుంది. అందుకే వాన నీటి కుంటలు. రోడ్డు మీంచి చూసినప్పుడు అందం కోసం తవ్వారేమో అనుకున్న ఆ కుంటలు లేకపోతే ఈ సాగే లేదు. మన బోరు నీళ్లలో సోడియం, బైకార్బనేట్ ఎంతుందో పరీక్ష చేయించకుండానే పైపులు బిగించేవాళ్లను ఎంతమందిని చూశానో! ఎవరైనా ఈ పనిలోకి దిగుతుంటే మొదటి ఖర్చు నీటి పరీక్షకు పెట్టమని చేతులు పట్టుకుని చెబుతాను.

ఎరువు గదిలో రెండు పెద్ద ట్యాంకులు, ఏ, బీ. ఏలో కాల్షియం నైట్రేట్, ఇనుము. బీలో సల్ఫేట్లు, ఫాస్ఫేట్లు. చిక్కగా ఉన్నప్పుడు రెండూ కలిస్తే కాల్షియం గడ్డకట్టి అడుగుకు చేరి డ్రిప్పర్లు మూసుకుపోతాయి. ఇది పుస్తకంలో చదివిందే. కొత్తగా తెలిసింది ఏమిటంటే, వాళ్లు రెండు వారాలకోసారి వేరు దగ్గరి నీటిని ల్యాబుకు పంపి, ఏ మూలకం తగ్గిందో చూసి, ఎరువుల పాళ్లు మార్చుకుంటారు. ఈసీ మీటరు మొత్తం ఉప్పెంతో చెబుతుంది గానీ అందులో పొటాషియం ఎంత, సోడియం ఎంత అన్నది చెప్పదు. మా దగ్గర ఆ ఒక్క మీటరు మీదే బతికేవాళ్లం.

టమాటా పూలకు పరాగసంపర్కం తుమ్మెదలు చేస్తాయి. 1980ల చివర దాకా పని మనుషులు వణికే కర్ర పట్టుకుని ఒక్కో గుత్తినీ తట్టేవారట. ఇప్పుడు అట్టపెట్టెల్లో బంబుల్‌బీలు వస్తాయి. వాటి కోసం పురుగుమందు తగ్గించక తప్పలేదు. పురుగును తినే పురుగును అమ్మే వ్యాపారం కూడా ఇక్కడే పుట్టింది. యాన్ కోపర్ట్ అనే కీర రైతుకు పురుగుమందులు ఒంటికి పడేవి కావు. 1967లో ఎర్ర నల్లిని తినే మరో నల్లిని తన తోటలో వదిలాడు. ఆయన పేరుతో ఉన్న కంపెనీ నేటికీ ఈ చుట్టుపక్కలే ఉంది. మట్టి లేని సాగులో ఉద్యోగం అంటే పైపులు బిగించడమే అనుకునేవాళ్లకు ఈ దారి తట్టదు. ఎంటమాలజీ చదివినవాళ్లకు ఇందులో మంచి చోటుంది.

నాల్డ్‌వైక్‌లో 2018లో తెరిచిన వరల్డ్ హార్టీ సెంటర్‌కు మధ్యాహ్నం వెళ్లాను. నాకు ఈ యాత్రలో అన్నిటికన్నా నచ్చింది అదే. ఒకే కప్పు కింద ప్రయోగాల గ్లాస్‌హౌస్‌లు, కంపెనీల స్టాళ్లు, పదహారు పదిహేడేళ్ల పిల్లలు చదువుకునే వృత్తి విద్యా బడి. పిల్లలు పంపు విప్పి బిగిస్తున్నారు, మొక్కలు నాటుతున్నారు. పక్క గది గాజులోంచి పరిశోధకులు కనిపిస్తుంటారు. అక్కడ చూసిన ఉద్యోగాల బోర్డులో క్లైమేట్ కంప్యూటర్ బిగించే టెక్నీషియన్, నీటి వ్యవస్థ చూసే మనిషి, కోత కూలీల టీమ్ లీడర్, విత్తన కంపెనీలో ట్రయల్స్ అసిస్టెంట్, ప్యాకింగ్ క్వాలిటీ చూసేవాళ్లు. గ్రోయర్ పోస్టు చాలా కొద్ది. అందరూ కింది మెట్టు నుంచే ఎక్కుతారు. పోలండ్ లాంటి దేశాల నుంచి వచ్చిన కూలీల చేతుల మీదే ఈ తోటలు నడుస్తున్నాయన్నది కూడా మరిచిపోకూడదు. అన్నకు తొలి ఏడాదంతా ఆకులు తీయడమే పని.

మర్నాడు నీటి మీద తేలే లెట్యూస్ తోట చూశాం. నాకు కావలసింది ఇక్కడే దొరికింది. పెద్ద కాంక్రీటు మడుగు, దాని మీద తెల్లటి పలకలు తామరాకుల్లా ఒకదానికొకటి ఆనుకుని తేలుతున్నాయి. ఒక చివర మొలకలు పెడతారు, రోజూ కాస్త కాస్త జరుగుతూ రెండో చివరకు కోతకు వస్తాయి. అక్కడి ఆయన ఒక పలక పైకెత్తి చూపించారు. వేళ్లు పాలలా తెల్లగా, జానెడు పొడవున, ఒక్క మచ్చ లేకుండా వేలాడుతున్నాయి. నేను అడగకుండానే నీళ్లలో వేలు పెట్టమన్నారు. చల్లగా ఉన్నాయి. మీటరులో 19 డిగ్రీలు.

20 డిగ్రీల నీరు లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టి ఉంచుతుంది. 30 డిగ్రీలకు వచ్చేసరికి అది ఏడున్నరకు పడిపోతుంది. సరిగ్గా అప్పుడే వేరు ఎక్కువ ఊపిరి అడుగుతుంది, వేళ్లను కుళ్లబెట్టే పైథియం బూజు కూడా అప్పుడే విజృంభిస్తుంది. మా పాలీహౌస్‌లో మే నెల మధ్యాహ్నం ట్యాంకు నీళ్లు వేడిగా తగిలేవి. పైపుల్లో పల్చగా పారే నీరు ఇంకా తొందరగా వేడెక్కుతుంది. ఎన్ని మందులు పోసినా వేళ్లు ఎందుకు నిలబడలేదో ఆ మడుగు పక్కన నిల్చున్నప్పుడు నాకు పూర్తిగా బోధపడింది. గాలిని చల్లబరిచే ఫ్యాన్, తడి ప్యాడ్ మీద లక్షలు పెడతాం. గోదావరి జిల్లాల్లో గాలి చెమ్మగా ఉండే నెలల్లో అవి పెద్దగా పనిచేయవు. వేరు దగ్గరి నీటిని చల్లబరచడం మాత్రం ఎవరూ ఖర్చులో రాయరు. వేడి దేశమైన సింగపూర్‌లో వేళ్లను చల్లగా ఉంచి చలిదేశపు ఆకుకూరలు పండించి చూపించారు. మనకు పాఠం అక్కడ కూడా ఉంది.

వ్యవసాయ యూనివర్సిటీకి పేరున్న వాగెనింగెన్‌కూ వెళ్లాను. ఆ ఊరికి రైలు స్టేషన్ లేదు. ఎడేలో దిగి బస్సు ఎక్కాలి. యూనివర్సిటీలో గ్రీన్‌హౌస్ సాగు మీద ఎమ్మెస్సీ ఉంది. యూరప్ బయటివాళ్లకు ఫీజు ఏడాదికి 20 వేల యూరోల దరిదాపు. చదివాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఏడాది వీసా ఇస్తారు. ఈ యూనివర్సిటీవాళ్లే 2018 నుంచి కంప్యూటర్లు నడిపే గ్రీన్‌హౌస్‌ల పోటీ పెడుతున్నారు. మొదటి పోటీలో కీర పండించి, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ జట్టు అనుభవజ్ఞులైన రైతుల కన్నా ఎక్కువ లాభం చూపించింది. ఇక గ్రోయర్ ఉద్యోగాలు పోతాయా అన్న టెన్షన్ నాకూ ఉంది. కానీ ఆ పోటీలో కూడా ఆకులు తీసింది, కాయలు కోసింది మనుషులే. దూరం నుంచి మీట నొక్కే పని కంప్యూటర్ నేర్చుకుంటుంది. ఏ అంకె ఎందుకు తప్పిందో తోటలోకి నడిచి కనిపెట్టేవాళ్లు ఇంకా కావాలి.

డబ్బు ధారగా పోసిన చోట్ల కూడా ఈ రంగం దెబ్బతింది. గదుల్లో అంతస్తులుగా, దీపాల కింద ఆకుకూరలు పెంచే నిలువు తోటల్లో అమెరికాలో పేరు మోసిన కంపెనీ ఏరోఫార్మ్స్ 2023లో దివాలా పిటిషన్ వేసింది, అలాంటిదే బవరీ 2024లో మూతపడింది. సూర్యుడు ఊరికే ఇచ్చే వెలుతురును కరెంటుతో కొని, ఆకుకూర ధరకు అమ్మడం కష్టమైంది. వెస్ట్‌లాండ్‌లో కూడా 2022లో గ్యాస్ ధర పెరిగాక చలికాలం దీపాలు ఆర్పేసుకున్న తోటలు చాలా ఉన్నాయి. మనకు ఎండ ఉంది, ఏడాదంతా ఉంది. శీతాకాలం ఇంటిని వెచ్చబెట్టే ఖర్చు మనకు లేదు. మన కష్టం వేడి, నీటి నాణ్యత, కొనేవాడు దొరకడం. కాబట్టి వీళ్ల గాజు ఇల్లు ఎత్తుకొచ్చి మేడ్చల్‌లో పెడితే కుదరదు. తీసుకెళ్లాల్సింది ఆ కాలిపరూ, వారం వారం రాసే పుస్తకమూ, రెండు వారాలకోసారి ల్యాబు రిపోర్టూ.

చివరి రోజు రాత్రి వాళ్లింట్లో పప్పుచారు తింటూ అన్న అడిగారు, ఎమ్మెస్సీకి అప్లై చేస్తావా అని. ఇప్పుడే కాదన్నాను. అప్పు చేసి రెండేళ్లు చదివి, ఇక్కడి చలికి పనికొచ్చే విద్య నేర్చుకునే ముందు, మన వేసవి లెక్క నా చేతిలో ఉండాలి. బెంగళూరు పక్కన హెసరఘట్టలో ఉద్యాన పరిశోధన సంస్థ ఉంది, కుప్పంలో ఇజ్రాయెల్ సహకారంతో నడిచే కూరగాయల కేంద్రం ఉంది, మన రెండు రాష్ట్రాల్లోనూ ఉద్యాన యూనివర్సిటీలున్నాయి. అక్కడివాళ్లను అడగడానికి నా దగ్గర ఇప్పుడు సరైన ప్రశ్నలున్నాయి.

వచ్చిన వారానికే పాత యజమానికి ఫోన్ చేశాను. షెడ్డు ఖాళీగానే ఉంది, ఒక మూల ఇస్తానన్నారు. ట్యాంకును భూమిలోకి దింపి, పైపుల బదులు లోతు మడుగు ఒకటి కట్టి, నీటిని చల్లబరిచే చిన్న చిల్లర్ పెట్టి, పక్కనే చిల్లర్ లేని మడుగు ఇంకోటి కడదామన్నాను. రెండిట్లోనూ గంట గంటకూ నీటి వేడి, కరిగిన ఆక్సిజన్, కరెంటు మీటరు రీడింగు, కోసిన ఆకు బరువు రాస్తాను. కిలో ఆకుకు చల్లదనం ఖర్చు ఎంత పడుతుందో తేలాలి. "జీతం సగమే ఇవ్వగలను" అన్నారాయన. సరేనన్నాను. బోరు నీటి శాంపిల్ అప్పటికే ల్యాబులో ఇచ్చి వచ్చాను.