పుట్టిన తేదీ వెతుక్కుంటూ సాగర్‌కు

2024 ఆగస్టులో నాగార్జునసాగర్ డ్యాం గేట్లు ఎత్తారనగానే హైదరాబాద్‌లో సగం మంది అటే బయలుదేరారు. ఆదివారం జనం ఉంటారని నేను వారం మధ్యలో సెలవు పెట్టి ఎంజీబీఎస్‌లో బస్సెక్కాను. అయినా కిటకిటే. టికెట్ కొని నిలబడాల్సి వచ్చింది. ఆడవాళ్లకు ఉచితమయ్యాక మగవాళ్లకు సీటే దొరకడం లేదని పక్కనున్నాయన ఇబ్రహీంపట్నం దాకా సణుగుతూనే ఉన్నాడు. నాకూ చిరాకుగానే ఉంది.

యాచారం దాటాక ఒక పెద్దామె సంచి ఒళ్లోకి తీసుకుని పక్కకు జరిగింది. "కూసో బిడ్డా, ఎంతసేపు నిలబడ్తవ్" అంది.

ఆ తర్వాత చూసిన గేట్లు, నీళ్లు, నురగ అందరూ ఫోన్లలో చూసినవే. నేను రాయాలనుకున్నది ఆమె గురించి.

కండక్టర్ వచ్చి ఆధార్ అడిగితే కొంగుముడి విప్పి, ప్లాస్టిక్ కవర్‌లో చుట్టిన కార్డు తీసింది. అతను ఒకసారి చూసి జీరో టికెట్ చింపి ఇచ్చాడు. ఆమె కార్డు కొంగున కట్టుకోకుండా నా చేతిలో పెట్టింది.

"ఇండ్ల నాకెన్నేండ్లున్నయో సూడు బిడ్డా."

01-01-1970 అని ఉంది. "యాభై నాలుగు, పెద్దమ్మా."

"నా పెద్దకొడుక్కు నలభై ఆరు. ఎనిమిదేండ్లకే కన్ననా వాన్ని?"

ఏం చెప్పాలో తోచలేదు. ఆధార్ తీసేటప్పుడు కాగితం ఏదీ లేదంటే ఎవరో కుర్రాడు తోచింది రాసుకున్నాడట. వృద్ధాప్య పింఛనుకు యాభై ఏడేళ్లు నిండాలి. నెలకు 2,016 రూపాయలు. ఊళ్లో ఆమె ఈడు వాళ్లు కొందరు ఎప్పటినుంచో తీసుకుంటున్నారు. కార్డులో తేదీ మార్చమని పోతే పుట్టినట్టు రుజువు తెమ్మన్నారు. అందుకే కోస్గి నుంచి తెల్లవారుజామున బయలుదేరి, హైదరాబాద్‌లో బస్సు మారి సాగర్‌కు వస్తోంది. ఆమె పుట్టింది సాగర్ డ్యాం కూలీల గుడిసెల్లో.

"గుంపు మేస్త్రి తోలుకపోయిండంట మా అవ్వోళ్లను. నన్ను కడుపుల పెట్టుకొని రాళ్లు మోసింది. డ్యాం కాడ ఆఫీసుంటదంట కద, అవ్వ పేరు, నా పేరు రాసుకొని ఉండరా?"

మల్లేపల్లిలో బస్సు ఆగింది. బొటనవేలంత కప్పులో టీ ఇరవై రూపాయలు. ఆమె దిగలేదు. సంచిలోంచి జొన్నరొట్టె, ఉల్లికారం తీసి సగం తుంచి ఇచ్చింది. వద్దన్నా వినలేదు.

తల్లి సాగర్‌లో మోసింది. ఈమె పెళ్లయిన కొత్తలో శ్రీశైలం డ్యాం పనికి పోయింది. తర్వాత బొంబాయిలో ఏళ్లకేళ్లు బిల్డింగ్ పని. కొడుకు ఇప్పుడు పూణెలో సెంట్రింగ్ చేస్తున్నాడు. "యాడ డ్యాం కట్టినా మేమే ఉంటిమి. మా ఊర్లె బోరు గూడ ఎండిపాయె" అంది. పాలమూరు లేబర్ అనే మాట నేను చిన్నప్పటి నుంచీ వింటున్నదే. ఎక్కడ పెద్ద పని మొదలైనా ఆ పేరు వినిపించేది. కృష్ణ తెలంగాణలోకి అడుగుపెట్టేది ఆ పాలమూరులోనే, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనే. ఆ జిల్లాలోనే ఆమె చేను కందికీ జొన్నకీ వాన కోసం ఆకాశం వైపు చూస్తుంది.

మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. తాతకున్న మూడెకరాలకు కాలువ నీళ్లు వచ్చాకే రెండు పంటలు పండాయి. ఆ వడ్లమ్మే మా నాన్నను చదివించాడు. నాన్న టీచరయ్యాడు. నేను ఈరోజు సెలవు పెట్టుకుని నీళ్లు చూడటానికి వస్తున్నానంటే దానికి మొదలు అక్కడే ఉంది. హైదరాబాద్‌లో నా కొళాయిలో వచ్చేదీ ఈ నీళ్లే, కోదండాపూర్‌లో శుద్ధి చేసి పైపుల్లో పంపేది.

"మీ దిక్కు కాలువొస్తదా?" అని అడిగింది.

"వస్తుంది."

"మంచిగ పండుతదా?"

"పండుతుంది పెద్దమ్మా."

"సల్లగుండుండ్రి" అంది. ఆ మాటలో కడుపుమంట ఏమైనా ఉందేమోనని ఆమె ముఖం చూశాను. లేదు. ఉంటేనే బాగుండేదనిపించింది. పెద్దవూర దాకా నేను ఇంకేం మాట్లాడలేకపోయాను.

హిల్ కాలనీలో దిగాక ఆమెను ఒంటరిగా వదలబుద్ధి కాలేదు. ఇద్దరం ఒక ఆఫీసుకు వెళ్లాం. అక్కడి ఉద్యోగి నాకు కుర్చీ చూపించాడు. ఆమెను నిలబెట్టాడు. కష్టం ఆమెదైతే జవాబులన్నీ నాకే, "సార్" అంటూ. అప్పటి కూలీలు కాంట్రాక్టర్ల మనుషులనీ, వాళ్ల పేర్లు తమ దగ్గర ఉండవనీ చెప్పాడు. నేను కుర్చీలో కూర్చోలేదు. ఆమె గుమ్మం దాటేముందు ఆయనకు దండం పెట్టింది. నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించింది అదే.

సాగర్ డ్యాం రాతి కట్టడం. ఆ రోజుల్లో సిమెంటుకూ యంత్రాలకూ కొరత, మనుషులకు మాత్రం కొరత లేదు. అందుకే రాయితో కట్టారు. ప్రపంచంలో రాతితో కట్టిన అతి పెద్ద ఆనకట్ట ఇదేనని బడిలో గర్వంగా చదువుకున్నాం. ఎత్తు, పొడవు, 26 గేట్లు, ఏ రోజు ఎన్ని క్యూసెక్కులు వదిలారో అన్నీ లెక్కల్లో ఉన్నాయి. మరునాడు లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియానికి వెళ్లాను. పదిహేడు వందల ఏళ్ల కిందటి ఇక్ష్వాకుల శాసనాల్లో, అక్కడి బౌద్ధ మహాచైత్యానికి దానం చేసిన చాంతిసిరి పేరు నిలిచి ఉంది. రాజు తోబుట్టువు ఆమె. ఆ అక్షరాల ముందు నిలబడ్డానే గానీ, ముందురోజు ఆఫీసు గుమ్మంలో దండం పెట్టిన చేతులే కళ్లముందు మెదిలాయి.

మొదటిరోజు ఆఫీసు నుంచి ఇద్దరం వంతెన మీదికి వెళ్లాం. డ్యాం మీదికి మామూలు జనాన్ని పోనివ్వరు. తల్లి మోసిన రాయిని ఒక్కసారి ముట్టుకోవాలని ఆమె కోరిక. కుదరదని చెప్పాల్సి వచ్చింది. చుట్టూ సెల్ఫీలు, వేయించిన చేపల వాసన, ప్లేటు రెండు వందల యాభై. జనమంతా నీళ్లను చూస్తుంటే ఆమె గోడనే చూస్తోంది, కిందినుంచి పైదాకా. "గంతెత్తుకు నెత్తి మీదనే పోయినయి రాళ్లు. కట్టెల మీద ఎక్కుతుంటే కాలు జారి పడ్డోళ్లున్నరంట" అంది.

కాసేపాగి, "ఇందిరమ్మ వచ్చి నీళ్లిడిసిన దినం అవ్వ నన్ను బుజం మీద ఎక్కించుకొని సూపిచ్చిందంట. అప్పటికి నాకు ఐదేండ్లు నిండినయంట. నాకైతే యాదికి లేదు" అంది.

ఉలిక్కిపడ్డాను. ఆ తేదీ మా ఇంట్లో అందరికీ వచ్చు. నాన్న మా చేత వల్లె వేయించాడు. 1955 డిసెంబర్ 10 నెహ్రూ శంకుస్థాపన, 1967 ఆగస్టు 4 ఇందిరాగాంధీ కాలువలకు నీటి విడుదల.

"పెద్దమ్మా, నువ్వు పుట్టింది 1962లో. నీకిప్పుడు అరవై రెండేళ్లు."

"అరవై రెండా?" అని రెండుసార్లు అంది. తర్వాత, "కాయితం మీద రాసియ్యి బిడ్డా" అంది.

బ్యాగులో ఉన్న నోటు పుస్తకంలోంచి కాగితం చింపి, ఆమె చెప్పినట్టే తల్లి పేరు, ఆమె పేరు, నీళ్లు వదిలిన తేదీ, దాన్నుంచి లెక్కగట్టిన ఏడాది రాశాను.

"కింద సంతకం పెట్టు. సంతకం లేకుంటే ఒప్పుకోరు."

ఆ కాగితం ఎక్కడా చెల్లదని నాకు తెలుసు. అయినా నా పూర్తి పేరు రాసి, మా ఊరి పేరు రాసి, సంతకం పెట్టాను. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఆధార్ ఉన్న ప్లాస్టిక్ కవర్‌లోనే జాగ్రత్తగా దోపి, కొంగున ముడి వేసుకుంది. చీకటి పడేలోపు హైదరాబాద్ చేరితే కోస్గి బస్సు దొరుకుతుందని తొందరపెట్టింది.