ఎవరి తరఫు?

కడపలో దిగిన రోజు రాత్రి ఎంతసేపటికీ నిద్ర పట్టలేదు. గ్లాస్గో వేళలు ఇంకా ఒంటిని వదల్లేదు. మిద్దె మీద అటూ ఇటూ తిరుగుతుంటే చిన్నమ్మ ఒక చేత్తో నీళ్ల చెంబు, ఇంకో చేత్తో మాత్రల షీటు పట్టుకుని పైకి వచ్చింది. "సగం వేసుకో పాపా. మీ చిన్నాయనకు డాక్టరు రాసిచ్చినవే. హాయిగా నిద్ర పడుతుంది" అంది. షీటును వెలుతురులోకి తిప్పి చూశాను. ఎటిజోలామ్, 0.5 మిల్లీగ్రాములు. రెండు గుంటలు ఖాళీ, మూడో దాంట్లో సగం విరిచిన మాత్ర, దాని మీద రేకును గోటితో జాగ్రత్తగా నొక్కి మళ్లీ మూసిన గుర్తు.

ఆ పేరును నేను స్కాట్లండ్‌లో రాసేది ఎక్కువగా చనిపోయిన వాళ్ల నివేదికల్లో.

"వద్దు చిన్నమ్మా" అన్నాను. గొంతులో ఏం పలికిందో గానీ ఆమె నొచ్చుకుని కిందికి వెళ్లిపోయింది. పొద్దున టిఫిను దగ్గర చిన్నాయన అందుకున్నాడు. ఆయన హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాడు. కారం దోశ తుంచుతూ, తుంచుతూ విచారణ మొదలుపెట్టాడు. "డాక్టరు ఇచ్చిన మందంటే అంత జంకు ఎందుకు? నేను రోజూ వేసుకుంటున్నా. చచ్చానా?"

చావలేదు. ఎందుకు చావలేదో చెప్పాలంటే నా ఉద్యోగం సంగతంతా చెప్పాలి. నేను విషాలను, మత్తుపదార్థాలను రక్తంలో వెతికే ప్రయోగశాలలో పని చేస్తాను. పోలీసులు పంపే కేసులే ఎక్కువ. ఎటిజోలామ్ జపాన్‌లో పుట్టిన మందు. జపాన్‌లో, ఇటలీలో, మన దేశంలో డాక్టర్లు రాస్తారు. బ్రిటన్‌లో దాన్ని మందుగా ఎప్పుడూ అనుమతించలేదు, 2017 మే నుంచి అది నిషేధిత పదార్థం. అయినా వీధిలో దొరికింది. పొడిని తెచ్చుకుని, దొంగచాటుగా మిషన్ల మీద నీలం మాత్రలు అచ్చు కొట్టి, ఆందోళన తగ్గించే వేలియం మాత్రలని చెప్పి అమ్మేవారు. ఒక మాత్ర ధర అక్కడ కప్పు టీ కన్నా తక్కువ. ఏ మాత్రలో ఎంత మందు ఉందో అచ్చు కొట్టిన వాడికే తెలియదు. తీసుకునేవాళ్లు ఒకటితో ఆగరు, పైగా హెరాయిన్‌తోనో, హెరాయిన్ మాన్పించడానికి ఇచ్చే మెథడోన్‌తోనో కలుపుతారు. రెండూ కలిసి ఊపిరిని నెమ్మది చేస్తాయి. 2020లో స్కాట్లండ్‌లో మత్తుపదార్థాల వల్ల చనిపోయినవారు 1,339 మంది. అందులో సగానికి పైగా మరణాల్లో ఇలాంటి వీధి మాత్రల పాత్ర ఉంది. ఆ దేశం జనాభా 55 లక్షలు, మన పాత కడప జిల్లాకు రెండింతలు కూడా ఉండదు. తర్వాత ఎటిజోలామ్ తగ్గి ఆ స్థానంలోకి అలాంటిదే ఇంకో మందు, బ్రొమజోలామ్, వచ్చింది. మాత్ర రంగు మాత్రం అదే నీలం.

ఇదంతా చిన్నాయన శ్రద్ధగానే విన్నాడు. విని, పోలీసు బుద్ధి ఎక్కడికి పోతుంది, అసలు ప్రశ్న అడిగాడు. "సరే, ఎంత ఉంటే చస్తారు? దానికొక లెక్క ఉంటుంది కదా."

లేదన్నాను. అలవాటు పడిన ఒంటికి తట్టుకునే శక్తి వేరు, కొత్త ఒంటికి వేరు. జైలు నుంచి బయటికొచ్చిన మనిషి లోపలికి వెళ్లేముందు తీసుకున్నంతే మళ్లీ తీసుకుని చనిపోవచ్చు. అంతే కాదు, చనిపోయాక కూడా రక్తంలో లెక్క మారుతుంది. కాలేయం నుంచి, గుండె కండరం నుంచి మందు మెల్లగా చుట్టూ ఉన్న రక్తంలోకి దిగుతుంది. అందుకే గుండెలో రక్తం కాకుండా తొడ సిరలో రక్తం తీయమంటాం. అప్పటికీ చేతికొచ్చేది ఒక అంకె మాత్రమే. అదే అంకె ఒకరి విషయంలో రోజువారీ మోతాదు, ఇంకొకరి విషయంలో చావు. శవపరీక్ష, గదిలో దొరికిన వస్తువులు, మనిషి చరిత్ర అన్నీ కలిపి చూడాలి. అవన్నీ చూసేది శవపరీక్ష చేసే డాక్టరు, పాథాలజిస్టు, నేను కాదు. కాబట్టి చాలాసార్లు నా నివేదిక, దీన్ని బట్టి ఇంతకు మించి చెప్పలేం అన్నచోట ఆగిపోతుంది.

"ఇంత చదువు చదివి, అంత దూరం పోయి, తెలియదని రాస్తావా?"

ఈ మాటే నన్ను పట్టుకుంది. కోపంతో అన్నది కాదు, జాలిగా అన్నాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది. పులివెందుల బస్సులో కూర్చున్నా, పెద్ద దర్గా దగ్గర చెప్పులు వదులుతున్నా నాలో నేను జవాబులు తయారు చేసుకుంటూనే ఉన్నాను.

నిజానికి మొదట్లో నాకూ అలాగే ఉండేది. అక్కడ నా పై అధికారి పేజ్లీ ఊరి మనిషి, వయసులో పెద్దది. నా నివేదికలో ‘చాలా ఎక్కువ’ అని కనపడితే పెన్సిలుతో గీత గీసి, పక్కన ‘ఎవరితో పోలిస్తే?’ అని రాసేది. ఒళ్లు మండేది. మన ఊళ్లో అడిగినదానికి సూటిగా చెప్పేవాళ్లకే విలువ. చెయ్యి పట్టుకుని చూసి ఇదీ జబ్బు అని తేల్చి చెప్పకుండా నసిగే డాక్టరు దగ్గరికి ఎవరు వెళతారు? ఆమె రాతలో ఒక్క విశేషణమూ ఉండదు. ఏ ప్రశ్నకైనా కొలిచింది ఎంతవరకో అంతవరకే సమాధానం. భయమా, బద్ధకమా, లేక ఉద్యోగం కాపాడుకోవడమా అని చాలాకాలం అనుమానపడ్డాను.

మనసు మారింది వాహనాల కేసులతో. 2019 అక్టోబరు నుంచి స్కాట్లండ్‌లో మత్తులో బండి నడిపేవాళ్లకు రక్తంలో హద్దులు పెట్టారు. రోడ్డు పక్కన నోటి తడి తీసి గంజాయి, కొకైన్ చూస్తారు. దొరికితే స్టేషన్‌లో రక్తం తీసి మాకు పంపుతారు. గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీకి హద్దు లీటరు రక్తంలో 2 మైక్రోగ్రాములు, కొకైన్‌కు 10. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. మన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్‌లో మద్యానికి వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు అని అంకె ఉంది గానీ, మత్తుమందులకు అంకె లేదు. బండిని అదుపులో పెట్టుకోలేని స్థితిలో ఉన్నాడా అన్నదే ప్రశ్న. అక్కడ అంకే కేసు. అందుకే అంకెను ఎన్ని చేతులు తడుముతాయో చెప్పాలి.

బూడిదరంగు మూత సీసాలో రక్తం వస్తుంది. లోపల రక్తం పాడవకుండా సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది. సీలు చూస్తాం, లేబులు మీద అంకె చూస్తాం, పేరు స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడా ఉన్నా పని ఆగుతుంది. కొలవాల్సిన మందుకే డ్యుటీరియం, అంటే బరువైన హైడ్రోజన్, తగిలించి కాస్త బరువెక్కించిన కవలను తెలిసినంత మోతాదులో కలుపుతాం. దారిలో మందు ఎంత పోయినా దాని కవల కూడా అంతే పోతుంది కాబట్టి లెక్క చెడదు. ప్రతి విడతలో, జవాబు ముందే తెలిసిన నమూనాలు కొన్ని పెడతాం. వాటి జవాబు హద్దు దాటితే ఆ విడత పనికిరాదు, మళ్లీ మొదటికి. అంతా సరిగ్గా వచ్చాక కూడా, మా కొలతలో ఎంత తేడాకు అవకాశం ఉందో అంత తీసేసి, ‘ఇంతకు తగ్గదు’ అని రాస్తాం. ఆ తీసివేత నిందితుడికి లాభం. ఇది చెప్పినప్పుడు చిన్నాయన నవ్వాడు. "మన ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో తరుగు తీస్తారు చూడు, అట్లనా? కాకపోతే వాళ్లు తీసేది మన దగ్గర."

చివరకు సంతకాలు రెండు. స్కాట్లండ్ చట్టంలో ఒక్క సాక్షి మాట మీద నేరం నిలవదు, ప్రతి ముఖ్యమైన అంశానికీ రెండో ఆధారం కావాలి. అందుకని నివేదిక మీద ఇద్దరు శాస్త్రవేత్తలు సంతకం చేస్తారు. "అంటే మా పంచనామాకు లాగా మీకూ ఇద్దరు మధ్యవర్తులు ఉండాలన్నమాట" అన్నాడు చిన్నాయన. అక్కడి నుంచి ఆయన సొంత కాలంలోకి వెళ్లిపోయాడు. గంజాయి పట్టుకుంటే 24 గ్రాముల చొప్పున రెండు శాంపిళ్లు తీయడం, కొవ్వొత్తి మంట మీద లక్క కరిగించడం, చేతి మీద చుక్క పడితే వారం రోజులు మచ్చ ఉండటం, సంతకానికి పిలిస్తే మధ్యవర్తులు కోర్టు తిరుగుళ్లకు భయపడి దొడ్డి దారిన జారుకోవడం. ఆ లక్క ముద్రల సంచి మోసుకుని ల్యాబుకు వెళ్లింది కూడా తనేనట. సంచి అప్పగించాక లోపల ఏం జరుగుతుందో ఎవరూ చెప్పలేదు, తానూ అడగలేదు. రిపోర్టు వచ్చేది, కోర్టులో దాఖలయ్యేది, రాసిన మనిషి మొహం ఎవరూ చూసేవారు కాదు. మన దగ్గర పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 293వ సెక్షన్, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టంలో 329, ప్రభుత్వ నిపుణుడిని బోనెక్కించకుండానే అతని నివేదికను సాక్ష్యంగా తీసుకోనిస్తాయి. అమెరికాలో 2009లో సుప్రీంకోర్టు దీనికి ఎదురు తీర్పు ఇచ్చింది. పరీక్ష చేసిన మనిషిని నిందితుడి తరఫు వకీలు ప్రశ్నించే హక్కు ఉండాలంది.

ఆ తీర్పు వచ్చింది మసాచుసెట్స్ కేసులో. అదే రాష్ట్రంలో మూడేళ్లకు, ఒక ప్రభుత్వ ల్యాబు రసాయన నిపుణురాలు పరీక్షలు చేయకుండానే చేసినట్టు రాసిందని బయటపడింది. చురుకైన ఉద్యోగి అని అంతకుముందు మంచి పేరు. 2017లో 21,000కు పైగా కేసులు కొట్టేశారు. పోలీసులకు, ప్రాసిక్యూటర్లకు కావలసిన జవాబులు వేగంగా ఇచ్చిన మనిషి ఆమె. చిన్నాయనకు ఇది కూడా చెప్పాను, కాస్త గట్టిగానే. ఆ దేశాల జాగ్రత్త పుట్టుకతో వచ్చింది కాదు. చేతులు కాలాక పట్టుకున్న ఆకులే అవి. మనవాళ్లను తక్కువ చేసి మాట్లాడటానికి నేనేమీ అక్కడి నుంచి రాలేదని కూడా అన్నాను. అప్పటికి నన్నెవరూ ఆ మాట అనలేదు.

అసలు సంగతి సాయంత్రం బయటపడింది. పక్కింటివాళ్ల అబ్బాయి గంజాయితో దొరికాడు. కేజీకి కాస్త అటూ ఇటూ. కేజీ లోపల ఉంటే చిన్న మోతాదు కింద గరిష్ఠంగా ఏడాది శిక్ష, పైన ఉంటే పదేళ్ల దాకా. పైగా చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలే. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు లెక్కలోకి రావు. ఇవన్నీ చిన్నాయనకు నాకన్నా బాగా తెలుసు. ఆయనకు కావలసింది చట్టం కాదు. "మీ క్లాసువాడు ఒకడు ఇక్కడి ల్యాబులోనే ఉన్నాడు కదా. కాస్త చూడమని ఒక మాట చెప్పు."

"చెప్పను చిన్నాయనా."

"వాళ్ల అమ్మ నిన్ను ఎత్తుకు తిప్పిన మనిషి."

"అయినా చెప్పకూడదు."

ఆయన చాలాసేపు పాలకొండల వైపు చూస్తూ కూర్చుని, "పోలీసుల జీతం మీద బతుకుతూ పోలీసుల తరఫు కాదంటావు. ఇంటివాళ్ల తరఫూ కాదంటావు. నువ్వు ఎవరి తరఫు పాపా?" అన్నాడు.

కోర్టు తరఫు అని నేర్పారు మాకు. డబ్బు ఎవరు ఇచ్చినా నిపుణుడి బాధ్యత కోర్టుకే. గ్లాస్గోలో ఆ జవాబు ఎవరికైనా ఆలోచించకుండా చెబుతాను. ఫలితం ఏమైందని ఫోను చేసే పోలీసు అధికారికి నివేదిక వస్తుందని చెప్పి పెట్టేస్తాను, ఆయనా నొచ్చుకోడు, నేనూ నొచ్చుకోను. కడపలో, ఆ మిద్దె మీద, అదే జవాబు చెబితే మొహం మీద తలుపు వేసినట్టు అవుతుంది. చెప్పలేదు. ఆ రాత్రి చిన్నాయన నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆ క్లాసువాడిని మాత్రం కలిశాను, కేసు సంగతి ఎత్తకుండా, ఏడురోడ్ల దగ్గర టీ అంగడిలో. ఉప్పు ద్రావణంలో ఊరే కాలేయం, పేగుల జాడీలు, పురుగుమందు తాగిన రైతులు, ఒక్కొక్కరి మీద పేరుకునే ఫైళ్లు, ఇవే కబుర్లు. ఇలాంటి ఫోన్లు నీకూ వస్తుంటాయా అని ఉండబట్టలేక అడిగాను. రోజూ వస్తాయన్నాడు. మరి ఏం చెబుతావంటే, "చూద్దాంలే అన్నా, చూద్దాంలే అక్కా అంటాను. వాళ్లకు అది చాలు. ఏమీ చూడను. రిపోర్టు ఎట్లా రావాలో అట్లాగే వస్తుంది. వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు" అన్నాడు. చూద్దాంలే అనడం నాకు తెలియదా? ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని. వదులుకున్నదేదో అప్పుడు లెక్కకొచ్చింది. అసూయ కూడా వేసింది.

రెండో టీ వచ్చాక మాట పనిలోకి మళ్లింది. నైటజీన్లనే మత్తుమందుల సంగతి చెప్పాను. 1950ల్లో స్విట్జర్లండ్ కంపెనీ ఒకటి నొప్పి మందుగా తయారుచేసి, మరీ బలంగా ఉన్నాయని పక్కన పెట్టిన జాతి అది. ఇప్పుడు స్కాట్లండ్‌లో హెరాయిన్‌లో, దొంగ మాత్రల్లో కలిసి వస్తున్నాయి. రక్తంలో లేశమాత్రమే ఉంటాయి కాబట్టి వాటి కోసమే ప్రత్యేకంగా వెతకాలి, పోల్చి చూసుకోవడానికి అసలు పదార్థం, స్టాండర్డు అంటాం, చేతిలో ఉండాలి. మీ వైపు వచ్చాయా అని అడిగాను.

"స్టాండర్డు కొనిస్తే కదా వచ్చాయో లేదో తెలిసేది" అన్నాడు.