బాలు పాటల రాత్రి, మిక్సర్ పక్కన

నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో బాలు (ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం) పాటల కచేరీ ఉందని తెలిసినప్పటి నుంచి మా అత్తమ్మది ఒకటే హడావుడి. మోకాళ్ల నొప్పులున్న మనిషి, గ్యాలరీ మెట్లు ఎక్కలేదు, ఎక్కువసేపు నిలబడలేదు. మా ఆయనకు నైట్ డ్యూటీ. కోవూరు నుంచి తీసుకెళ్లి, మళ్లీ ఇల్లు చేర్చే పని నా మీద పడింది.

వద్దని చెప్పే పరిస్థితి లేదు. బాలు అంటే నెల్లూరోళ్లకు ఇంట్లో మనిషే కదా. వాళ్ల నాన్న సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు. తిప్పరాజువారి వీధిలోని ఇంటిని బాలు 2020 ఫిబ్రవరిలో వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. అదే ఏడాది సెప్టెంబరు 25న పోయారు. ఆరోజు మా అత్తమ్మ టీవీ ముందు నుంచి లేవలేదు.

తెలిసినవాళ్లు రెండు వీఐపీ పాసులు ఇచ్చారు. స్టేజీ ముందు సోఫాలు. నేను సంబరపడుతుంటే మా మరిది నవ్వాడు. వాడు చుట్టుపక్కల పెళ్లిళ్లకు, జాతర్లకు సౌండ్ సిస్టమ్ పెడతాడు.

"ఏంది వదినా, సోఫాలోనా? అక్కడ కూర్చుంటే పాటగాడి మొహం కనపడుద్ది గానీ పాట వినపడదు. మిక్సర్, అదే సౌండ్ సరిచేసే మిషను, యాడుందో చూసుకుని దాని పక్కన కుర్చీ వేయించుకో" అన్నాడు.

పైన వేలాడదీసే బాక్సుల మోత ముందు వరసలోవాళ్ల తల మీదుగా వెనక్కి పోతుందట. స్టేజీ కింద పెట్టే బేస్ బాక్సులు మాత్రం నేరుగా వాళ్ల గుండెల మీదే కొడతాయట. ముందు వరస కోసం విడిగా చిన్న బాక్సులు పెడితే సరే, లేకపోతే డ్రమ్ములే తప్ప మాటలు తెలియవు. మిక్సర్ దగ్గర కూర్చున్నవాడు తన చెవికి బాగుండేట్టు సరిచేసుకుంటాడు కాబట్టి అక్కడికి మించిన చోటు ఉండదని వాడి లెక్క.

వెలుతురుండగానే వెళ్లాం. గేటు దగ్గర బ్యాగులు వెతికి నీళ్ల సీసా తీసేశారు. అత్తమ్మ మాత్రల డబ్బా మీద వేసిన డాక్టరు చీటీ చూపిస్తే దాన్ని వదిలారు. జనం పెరిగాక ఫోన్లు పనిచేయవని తెలుసు గనుక, తప్పిపోతే ఏ గేటు దగ్గర కలవాలో లోపలికి పోకముందే చెప్పి, ఆమె చేతిలో కొంచెం చిల్లర పెట్టాను. తర్వాత నీళ్ల ప్యాకెట్లకు ఆ చిల్లరే పనికొచ్చింది, స్కాన్ చేస్తే డబ్బులు పోయేదే లేదు.

మిక్సర్ గ్రౌండ్ మధ్యలో, స్టేజీకి ఎదురుగా, కర్రలు కట్టిన దడి లోపల ఉంది. వాలంటీరు కుర్రాడు వీఐపీ పాసు చూసి, "అమ్మా, మీరు ముందుకు పోవాల" అంటాడు. వెనకే కూర్చుంటామని మేమంటే వాడికి నమ్మకం కుదరలేదు. అత్తమ్మ మోకాలు చూపించి, "నాయనా, ఈడనే ఓ కుర్చీ వెయ్యి" అనేసరికి రెండు తెచ్చాడు.

మొదలయ్యేది ఆరున్నరకు అన్నారు. ఆరున్నరకు మొదలైంది సన్మానాలు. శాలువాలు, మెమెంటోలు, ఒకరి తర్వాత ఒకరు రెండే రెండు మాటలు. మన దగ్గర ఏ కచేరీ అయినా ఇంతే అనుకోండి, కానీ ఇక్కడ నష్టం పాటలకే. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 దాటితే మైకు ఆపాలి. ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు గానీ, ఈ రాత్రికి అది లేదు. ఉపన్యాసం సాగేకొద్దీ చివర్లో పాటలు ఎగిరిపోతుంటాయి. జనం ఈలలేస్తే గానీ చివరాయన దిగలేదు.

పాట మొదలయ్యాక మరిది మాట నిజమని తెలిసింది. ప్రతి అక్షరం స్పష్టం. వయొలిన్లు, తబలా దేనికది వినపడుతున్నాయి. మధ్యలో లేచి గ్యాలరీ వైపు నీళ్ల కోసం వెళ్తే అక్కడ పెద్ద తెర మీద పెదాలు ముందు కదిలి, మాట వెనక వస్తోంది. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లే పోతుంది మరి. వంద మీటర్ల దూరానికి ఆ కాస్త తేడా తెలుస్తుంది. పెద్ద కచేరీల్లో మధ్యలో ఇంకో వరస బాక్సులు పెట్టి, ముందు నుంచి వచ్చే మోతతో కలిసేట్టు వాటిని కొంచెం ఆలస్యంగా పలికిస్తారట. ఇక్కడ అవి లేవు.

అత్తమ్మ కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేస్తూనే ఉంది. పాడినతను మధ్యలో ఒక చరణం మర్చిపోతే ముందు ఈమె అందుకుంది, తర్వాత చుట్టూ ఉన్నవాళ్లందరూ. వాద్యాల వాళ్లు ఆపకుండా నడిపించారు.

పదికి ఠక్కున ఆగింది. అందరూ గేటు మీద పడ్డారు. మేము కదల్లేదు. గ్రౌండ్ సగం ఖాళీ అయ్యేదాకా కుర్చీల్లోనే ఉండి, మిక్సర్ వైర్లు చుట్టే కుర్రాళ్లతో కబుర్లు చెప్పుకున్నాం. గేటు ముందు ఆటోవాళ్లు పెన్నా దాటాలంటే రెట్టింపు అడిగారు. నెమ్మదిగా రోడ్డు మలుపు దాకా నడిచి ఎక్కితే మామూలు రేటు మీద కొంచెం ఎక్కువతో ఒప్పుకున్నాడు.

ఇంట్లోకి అడుగు పెట్టగానే మరిది ఎదురొచ్చి, "సౌండ్ ఎట్టుంది వదినా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ, "ఒరేయ్, రేపు జాతరకు నువ్వు కూడా ఆ మాదిరి తగ్గించి పెట్టు, మన వీధిలో మనుషులు పడుకుంటారు" అంది.