తగుదునమ్మా, మెతీచే

మా అమ్మాయి నన్ను 'మెతీచే' అన్నది. దాని స్నేహితురాలిని వాళ్ళింటి దగ్గర దింపి, ఆ పిల్ల తలుపు వేసుకుని లోపలికి వెళ్ళేదాకా ఆగి, నేను కారు వెనక్కి తిప్పుతుండగా అన్నది. స్పానిష్ మాటలు బాగా వినిపించే శాన్ ఆంటోనియోలో, అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, ఇన్నేళ్ళుగా ఉంటున్నాను కాబట్టి, పచ్చి చేపను నిమ్మరసంలో ఊరబెట్టి చేసే 'సెవీచే' నాకు తెలుసు. ఇదీ అలాంటి తినుబండారమే అయి ఉంటుందనుకుని, ఎక్కడ దొరుకుతుందని అడిగాను. 'అద్దంలో' అని ఫోనులోకి తల దించుకుంది.

నేను చేసిన నేరం ఇది. పది నిమిషాల ప్రయాణంలో ఆ పిల్లను మీ నాన్నగారు ఏం చేస్తారని, ఎప్పుడూ అమ్మే వస్తుందేమని, నాన్న వేరే ఊళ్ళో ఉంటారా అని, ఇప్పుడుంటున్న ఇల్లు సొంతమా అద్దెదా అని అడిగాను. మొదటి ప్రశ్నకు రెండు వాక్యాల జవాబు వచ్చింది, రెండో దానికి ఒకటి, ఆ తరువాత ఒక్కొక్క మాట. మూడో ప్రశ్న దగ్గర ఆ పిల్ల పక్కనున్న సంచీని ఒళ్ళోకి తీసుకుని రెండు చేతులతో పట్టుకోవడం నాకు వెనక అద్దంలో స్పష్టంగా కనిపించింది. కనిపించినా నాలుగోది అడిగాను. 'ఒక ముద్ద తిని వెళ్ళమ్మా' అనే గొంతుతోనే అడిగాను కదా, అందులో తప్పేముందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఇంటికి వచ్చాక పక్కింటి పెద్దావిడను అర్థం అడిగాను. మెక్సికో నుంచి వచ్చిన కుటుంబం వారిది. ఆవిడ కంచె పట్టుకుని నవ్వి, 'నేనూ అదే' అన్నది. స్పానిష్‌లో 'మెతేర్' అంటే లోపల పెట్టడం, దూర్చడం. అక్కరలేని చోట తనను తాను దూర్చుకునే మనిషి మెతీచే. చాడీలు మోసే 'చిస్మోసా' వేరట: ఆమె కబురును బయటికి తీసుకువెళ్తుంది, మెతీచే తానే లోపలికి వెళ్తుంది. మన భాషలో చిస్మోసా పని సగం వ్యాకరణమే చేసిపెడుతుంది. వాక్యం చివర ఒక్క 'ట' తగిలిస్తే చాలు, చెప్పిన వారి పేరూ ఉండదు, మోసినవారి బాధ్యతా ఉండదు.

ఆ రాత్రి నేను నిద్రపోకుండా మాటలు వెతుకుతూ కూర్చున్నాను. తప్పు దిద్దుకోవడం కన్నా దాని వ్యుత్పత్తి తెలుసుకోవడం నాకు ఎప్పుడూ తేలిక. ఇతరుల వ్యవహారంలో ఇంగ్లీషువాళ్ళు ముక్కు పెడతారు, స్పానిష్‌వాళ్ళు ముక్కుతో పాటు చెంచా కూడా పెడతారు, మనం వేలు పెడతాం. ఇంగ్లీషులో జోక్యాన్ని చెప్పే 'మెడిల్', స్పానిష్‌లో కలపడం అనే అర్థంలో మా అమ్మాయి బడిలో నేర్చుకున్న 'మెస్‌క్లార్', రెండూ కలపడమనే ఒకే లాటిన్ మాటకు పుట్టిన బిడ్డలు. మనం 'కల్పించుకోవడం' అంటాం. పండితులు ఏమంటారో గాని నా చెవికి అందులోనూ కలపడమే వినిపిస్తుంది. అన్నిటికన్నా నాకు నచ్చినది స్పెయిన్‌లో వాడే 'మెతొమెంతోదో'. 'నేను అన్నిట్లోనూ దూరతాను' అనే వాక్యాన్ని ముద్ద చేసి చేసిన మాట అది. మన 'తగుదునమ్మా' కూడా అటువంటిదే కదా! ఎవరూ పిలవకపోయినా, 'ఈ పనికి నేను తగుదును, అమ్మా' అని తనంతట తాను ముందుకు వచ్చిన మనిషి నోటి మాటే ఆమెకు తిట్టుగా మిగిలిపోయింది. మా అమ్మ నన్ను చిన్నప్పుడు ఎన్నిసార్లు అలా తిట్టిందో లెక్కలేదు. అంటే మా అమ్మాయి కనిపెట్టినది కొత్తదేమీ కాదు, అనువాదం చేసింది, అంతే.

ఇంగ్లీషులో ఇతరుల సంగతులు చాటుగా ఆరా తీయడాన్ని చెప్పే 'స్నూప్' అనే మాట దగ్గర మాత్రం నా ఉత్సాహం తగ్గింది. దాని మూలం డచ్చి భాషలో 'స్నూపెన్', దొంగచాటుగా తీపి తినడం. మా అమ్మమ్మగారి ఇంట్లో అటకమీది బెల్లం కుండలో చెయ్యి పెట్టి, చీమలతో సహా నోట్లో వేసుకుని పరుగెత్తడం నాకు జ్ఞాపకం వచ్చింది. ఆ వెంటనే, అమ్మాయి స్నానానికి వెళ్ళినప్పుడు దాని ఫోను తెరిచి, నీళ్ళ చప్పుడు ఆగేలోగా తిరిగి బోర్లా పెట్టేయడం కూడా జ్ఞాపకం వచ్చింది. నెలకు ఒకసారి, భద్రత కోసమే అని చెప్పుకుంటాను. నెలకు ఒకసారి అన్నది నిజం కాదు.

మరునాడు నా తరఫున నేనే వాదించాను. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ అంతా గడ్డకట్టి, కరెంటు పోయి, మా కుళాయిలు ఎండిపోయినప్పుడు తలుపు కొట్టినది ఎవరు? ఈ పక్కింటి మెతీచేనే. మా గరాజు తలుపు రెండు రోజులుగా లేవలేదని గమనించినది కాబట్టే వచ్చింది. నలుగురి సంగతీ పట్టించుకునే మనిషి వీధికి ఒకరైనా ఉండాలి, అని గట్టిగా అన్నాను. అమ్మాయి తల ఎత్తకుండా, 'ఆవిడ నీళ్ళున్నాయా అని అడిగింది. మీ నాన్న ఎక్కడ అని అడగలేదు' అన్నది.

దానికి నా దగ్గర జవాబు లేక మన మర్యాదలను సాక్ష్యానికి పిలిచాను. బయలుదేరుతున్న మనిషిని 'ఎక్కడికి' అని అడగకూడదని, అపశకునమని, అందుకే 'ఎంతవరకు?' అని అడుగుతామని గొప్పగా చెప్పాను. 'అంటే అడగడం మానరు, మాట మారుస్తారు, అంతేనా?' అన్నది. అంతే. పెళ్ళయిన మూడేళ్ళ వరకు నాకు ప్రతి ఆదివారం ఫోనులో వినిపించిన 'ఏమైనా విశేషమా?' కూడా అటువంటి నాజూకు మాటే. గర్భం అనే మాట ఎవరూ అనలేదు, అయినా ఫోను పెట్టేసి స్నానాలగదిలో ఏడ్చిన ఆదివారాలు ఉన్నాయి. ఆ నేనే, మొన్న మా మరిది భార్యను అదే మాట, అదే దీర్ఘంతో అడిగాను.

అసలు చెప్పవలసినది ఇంకొకటి ఉంది, దానిని ఇంతసేపూ దాటవేస్తూ వచ్చాను. క్రితం ఏడాది ఉగాది భోజనాల దగ్గర కొత్తగా వచ్చిన దంపతులను నేను 'మీ ఇంటిపేరు?' అని అడిగాను. ఇంటిపేరు తెలిస్తే ఏం తెలుస్తుందని అమ్మాయి తరువాత అడిగితే, చుట్టరికాలు కలుస్తాయేమో తెలుస్తుందని చెప్పాను. అది సగం నిజం. మిగతా సగం కులం. మా వైపు ఇంకా తిన్నగా అడిగేవారు 'మీరేవిట్లు?' అంటారు; నేను చదువుకున్నదాన్ని కాబట్టి ఇంటిపేరు అడుగుతాను, దానితో తేలకపోతే ఊరు అడుగుతాను. ఆవిడ కూడా ఒక్క క్షణం ఆగి జవాబు చెప్పింది, పులిహోర పళ్ళెం ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని. సంచీ ఒళ్ళోకి తీసుకున్న పిల్లను అద్దంలో చూసినప్పుడు నాకు గుర్తుకు రావలసినది ఆ పళ్ళెం. రాలేదు, ఇది రాస్తుంటే వచ్చింది.

అందుకని ఒక నియమం పెట్టుకున్నాను: జవాబు విన్న తరువాత నేను చేయగలిగిన సాయం ఏదైనా ఉంటేనే ప్రశ్న అడగాలి. నాలాంటి తల్లులకు ఇది సలహాగా కూడా చెప్పవచ్చునని రెండు రోజులు అనుకున్నాను. మూడో రోజు మా అమ్మకు ఫోను చేస్తే మాట్లాడడానికి ఏమీ దొరకలేదు. ఎదురింటివారి అబ్బాయి పెళ్ళి ఏమైందని అడగకుండా, కూరేమిటని, మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగి ఆగిపోయాను. 'ఒంట్లో బాగా లేదా?' అని అమ్మ కంగారుపడింది. మా ఇంట్లో ప్రేమకూ ఆరాకూ వేర్వేరు వాక్యాలు ఎప్పుడూ లేవు. రెండింటినీ విడదీసి పిల్లకు ఏది అందించాలో నాకు తెలియడం లేదు. అదీగాక, అది నాతో తెలుగులో మాట్లాడేదే ఇలాంటి తగాదాల్లో.

మొన్న శనివారం ఒక పుట్టినరోజు విందులో, హ్యూస్టన్ నుంచి మారి వచ్చిన కుటుంబం మా ఎదురుగా కూర్చున్నది. పిల్లల బడి గురించి, ఇక్కడి ఎండల గురించి మాట్లాడుతూ దాదాపు పావుగంట నిలదొక్కుకున్నాను. ఇంటిపేరు అడగలేదు. ఆ తరువాత, ఏమీ కాదులే, మాట కలపడానికే కదా అనుకుని, 'మీదే ఊరండీ?' అన్నాను. హాలు అవతలి చివర కేకు తింటున్న మా అమ్మాయి చెంచా పైకెత్తి నాకు చూపించింది.

వాళ్ళది తెనాలి దగ్గరట.