గండికోటలో టెంట్ వేసుకున్న రాత్రి

సంక్రాంతి సెలవుల్లో అమ్మానాన్న, మా ఆయన, పిల్లలిద్దరు, నేను, ఇంకా డిక్కీ నిండా దుప్పట్లు, అమ్మ చేసిన పులిహోర. హైదరాబాద్‌లో తెల్లారకముందే బయల్దేరితే మధ్యాహ్నానికి బెలుం గుహలకి చేరాం. సున్నపురాయిని వేల ఏళ్ళు నీళ్ళు కోసుకుంటూ పోతే ఏర్పడ్డాయి ఇవి, మొత్తం పొడవు 3,229 మీటర్లు, కానీ మనల్ని కొంత దూరం వరకే వెళ్ళనిస్తారు. లోపల బాగా ఉక్కపోత, అయినా నాన్న నా చెయ్యి పట్టుకుని గుహల్లో అన్నిటికన్నా లోతున ఉండే పాతాళగంగ దాకా దిగారు, ఆయన మొహంలో ఆ సంతోషం చూసి నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

సాయంత్రానికి గండికోట. ఎర్రమల కొండల్ని చీల్చుకుంటూ కింద పెన్నా, ఎర్రటి రాళ్ళ మీద పొద్దు వాలుతుంటే ఎవ్వరం మాట్లాడలేదు. అంచు దగ్గర పిల్లల చెయ్యి మాత్రం అస్సలు వదలకండి. రాత్రి టెంట్‌లో చలి ఎంతుందంటే అమ్మ రెండు దుప్పట్లు కప్పుకుని కూడా పిల్లల్ని దగ్గరికి లాక్కుంది, చుక్కలు మాత్రం చిన్నప్పుడు మా ఊళ్ళో డాబా మీద చూసినన్ని ఉన్నాయి.

పొద్దున్నే కోట లోపల తిరిగాం. పెమ్మసాని నాయకులు ఏలిన చోటు ఇది. మాధవరాయ గుడి, కాస్త దూరంలో జామా మసీదు, పక్కనే పెద్ద ధాన్యాగారం. గుడి స్తంభాల మీద శిల్పాలు ఒక్కొక్కటీ చూస్తూ గంటసేపు అక్కడే ఉండిపోయాను, మా పాప అయితే ప్రతి ఏనుగునీ లెక్కపెట్టింది.